స్టీవార్డూ నావికుడే

1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మీద హెన్రీ ఎచెస్ అనే బెడ్‌రూమ్ స్టీవార్డు రోజూ ఏమేం చేసేవాడో మనకు బాగానే తెలుసు. ఓడ మునిగాక అమెరికా సెనేట్ జరిపిన విచారణలో ఆయనే చెప్పుకున్నాడు. పొద్దున్న ఏడింటికి ఏ-36 కేబిన్‌కి టీ, పళ్లు తీసుకెళ్లాలి. అందులో ఉన్నది ఆ ఓడ రూపకర్తల్లో ఒకరైన థామస్ ఆండ్రూస్. సాయంత్రం ఆయన భోజనానికి దుస్తులు మార్చుకునే వేళకు మళ్లీ అక్కడ ఉండాలి. ఆ గదిలో ఓడ ప్లాన్లు, రకరకాల కాగితాలు ఉండేవని కూడా ఎచెస్‌కి గుర్తుంది. కోటీశ్వరుడు బెంజమిన్ గుగెన్‌హైమ్ కేబిన్ కూడా ఆయన వంతులోదే. ఏప్రిల్ 14 అర్ధరాత్రి దాటాక ఇదే స్టీవార్డు గుగెన్‌హైమ్‌ని లేపి, లైఫ్ బెల్టు తొడిగాడు, పైన దళసరి స్వెటర్ వేశాడు. ప్రయాణికుల చేత తలుపులు తెరిపించాలని, లైఫ్ బెల్టులు బీరువాల పైన ఉన్నాయని వాళ్లకు చెప్పాలని ఆండ్రూస్ ఆయనకు పురమాయించాడు. సీ డెక్కులో ఒక కేబిన్ తలుపుని రెండు చేతులా బాదినా లోపలివాళ్లు తెరవలేదు. పొద్దున టీ ట్రే పట్టుకున్న చేతులే రాత్రి ఆ తలుపు బాదాయి. ఓడ గదుల సేవ చరిత్ర మొత్తం ఈ ఒక్క మనిషి దినచర్యలో కనిపిస్తుంది. దాన్ని సరిగ్గా చదివితే ఒక మాట గట్టిగా చెప్పవచ్చు. సూట్‌లో బట్లరైనా, మామూలు కేబిన్‌లో స్టీవార్డైనా ఓడకు పెట్టిన అలంకారం కాదు, నావికుడు. అతని జీతం ప్రయాణికుడి దయ మీద కాదు, ఓడ కంపెనీ ఖాతా మీద నిలబడాలి. నూరేళ్లకు పైగా సముద్రయానం ఈ రెండు నిజాల్లో మొదటిదాన్ని అక్కరకు వాడుకుంటూ, రెండోదాన్ని వాయిదా వేస్తూ వచ్చింది.

జీతం తక్కువ, లెక్క ఎక్కువ

టైటానిక్ జీతాల పట్టీ చూడండి. డెక్ మీద పనిచేసే నావికుడికి నెలకు 5 పౌండ్లు. కొలిమిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌కి 6 పౌండ్లు. బెడ్‌రూమ్ స్టీవార్డుకి 3 పౌండ్ల 15 షిల్లింగులు, స్టీవార్డెస్‌కి అంతకంటే ఇంకో 5 షిల్లింగులు తక్కువ. అదే ఓడలో సొంత వరండా ఉన్న సూట్‌కి షార్లెట్ కార్డేజా అనే ప్రయాణికురాలు తన బృందంతో కలిపి చెల్లించింది 512 పౌండ్ల పైచిలుకు. ఆ సూట్ పక్కలు సర్దే స్టీవార్డు ఆ డబ్బు జీతంగా సంపాదించాలంటే పదకొండేళ్లకు పైగా పట్టేది. స్టీవార్డు పని తేలికని కంపెనీ ఈ జీతం కట్టలేదు. తెల్లవారకముందే లేవాలి, ప్రయాణికులు పడుకునేదాకా గంట మోగితే పరుగెత్తాలి, నిద్రకు మాత్రం పదుల మంది కిక్కిరిసిన ఉమ్మడి గది. మిగతాది ప్రయాణికుడు దిగేటప్పుడు చేతిలో పెట్టే టిప్పుతో సరిపోతుందన్న లెక్క ఆ అంకెలోనే ఉంది. అంటే జీతంలో ఒక వాటాని కంపెనీ తన ఖాతా నుంచి తీసి ప్రయాణికుడి జేబులోకి నెట్టింది. ఆ డబ్బు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. రాకపోతే అడిగే హక్కు స్టీవార్డుకి లేదు.

ఆ రాత్రి లెక్క ఇంకా కటువుగా ఉంది. బ్రిటిష్ విచారణ నివేదిక ప్రకారం డెక్ విభాగంలో 66 మందికి 43 మంది బతికారు. ఇంజన్ విభాగంలో 325 మందికి 72 మంది. వంట, వడ్డన, గదుల సేవ చూసే విభాగంలో 494 మంది ఉంటే బతికింది 97 మందే, అంటే నూటికి ఇరవై. అందులోనూ 20 మంది ఆడవాళ్లు. డెక్ నావికులు ఎక్కువ మంది బతకడానికి ఒక న్యాయమైన కారణముంది. లైఫ్ బోటు దించి నడపడం వాళ్లకు అప్పగించిన పని, కాబట్టి బోటుతో పాటే వాళ్లూ వెళ్లారు. అయితే స్టీవార్డులకు అప్పగించింది ఆ బోట్ల దాకా మనుషుల్ని చేర్చే పని. ఆ పని ఓడ లోపల, మెట్ల మీద, నడవాల్లో జరిగేది. మూడో తరగతి స్టీవార్డు జాన్ హార్ట్ విచారణలో చెప్పినదాని ప్రకారం, కింది అంతస్తుల నుంచి ముందు 30 మంది దాకా ఆడవాళ్లను, పిల్లల్ని మెట్లూ నడవాలూ తిప్పి బోట్ డెక్ మీదకు తీసుకొచ్చాడు. మళ్లీ కిందికి దిగి ఇంకో 25 మందిని తెచ్చాడు. ఆ ఇరుకు దారుల్లో దారి తెలిసినవాడు ఆయన. వలస పోతున్న ఆ పేదల దగ్గర ఆయనకు ఇవ్వడానికి టిప్పు లేదు, ఆయన దాని కోసం వెళ్లనూ లేదు. మంచి సేవకి టిప్పే ప్రేరణ అనే వాదానికి ఇంతకంటే సూటి జవాబు అక్కర్లేదు.

బతికి ఒడ్డు చేరినవాళ్లకు ఇంకో దెబ్బ కాచుకుని ఉంది. అప్పటి బ్రిటిష్ నౌకా చట్టం ప్రకారం ఓడ మునిగితే ఆ రోజుతోనే సిబ్బంది జీతం ఆగుతుంది. ఏప్రిల్ 15తో టైటానిక్ సిబ్బంది లెక్క మూసేశారు. ఈ అన్యాయం సరిదిద్దే ఒప్పందం రావడానికే ఎనిమిదేళ్లు పట్టింది. 1920లో జెనోవా నగరంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒప్పందం, ఓడ మునిగి పని పోయిన సిబ్బందికి రెండు నెలల దాకా జీతం ఇవ్వాలంది. అందులో ముఖ్యమైన మాట ఇంకోటుంది. ఓడలో పనిచేసే ప్రతి ఒక్కరూ నావికుల లెక్కలోకే వస్తారని అది రాసుకుంది. ట్రే మోసేవాడూ, చుక్కాని పట్టేవాడూ ఆ వాక్యం ముందు ఒకటే.

గోవా నుంచి వచ్చిన చేతులు

అట్లాంటిక్ మీద పరిస్థితి ఇదైతే, మన సముద్రాల మీద దానికి ఇంకో మెలిక ఉంది. పీ అండ్ ఓ, బ్రిటిష్ ఇండియా కంపెనీల ఓడల్లో సిబ్బందిని ప్రాంతం వారీగా పంచేవాళ్లు. డెక్ మీద రత్నగిరి, గుజరాత్, నోవాఖాలీ కళాసీలు. ఇంజన్ గదిలో పంజాబీలు, పఠాన్లు, సిల్హెట్ వాళ్లు. సెలూన్‌లో, అంటే వంటా వడ్డనా కేబిన్ల సేవలో, గోవా క్రైస్తవులు. ఏ మాంసమైనా వండడానికి, వడ్డించడానికి వాళ్లకు మతపరమైన అడ్డు లేకపోవడం కంపెనీలకు కలిసొచ్చింది. తరాల తరబడి ఒకే ఊరి మనుషులు ఒకే పనిలోకి రావడంతో వాళ్ల నైపుణ్యానికి పేరొచ్చింది. జీతానికి మాత్రం రాలేదు. ఆసియా సిబ్బందికి విడిగా రాసుకున్న ఒప్పందాల కింద అదే పనికి బ్రిటిష్ వాళ్లకంటే చాలా తక్కువ ఇచ్చేవాళ్లు. ఒక ప్రయాణం ముగిసి మరోటి దొరికేదాకా వాళ్లను ఆదుకున్నది బొంబాయిలో ఊరూరి పేరున వెలసిన కుడ్లు. అద్దె గదులు, గోడవారన ట్రంకుపెట్టెలు, ఒక మూల పూజా పీఠం, పని లేనివాడికి తలదాచుకునే చోటు. కంపెనీ పట్టించుకోని విరామ కాలాన్ని ఆ మనుషులు తమలో తాము చందాలేసుకుని గడిపారు. కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల నుంచి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలు ఎక్కిందీ బ్రిటిష్ ఇండియా ఓడలే. డెక్కు టికెట్టు మీద వెళ్లిన వాళ్లకు కేబిన్ లేదు, స్టీవార్డూ లేడు. సేవ అనేది టికెట్టు తరగతిని బట్టి కొనుక్కునే సరుకుగా మారింది. ఆ సరుకు తయారుచేసేవాడి కూలి, అతను పుట్టిన చోటుని బట్టి కట్టారు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వినిపిస్తుంది. వాళ్ల ఊళ్లో దొరికే దానికంటే ఓడలో ఎక్కువే వచ్చింది కదా, అందుకేగా క్యూ కట్టారు అంటారు. ఈ మాటలో నిజముంది, దాన్ని తోసిపుచ్చకూడదు. గోవా పల్లెల్లో ఎన్నో పెంకుటిళ్లు, పిల్లల చదువులు సముద్రం మీద సంపాదించినవే. ఇవాళ ఫిలిప్పీన్స్, ఇండొనేషియా, గోవా, కేరళ, మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లు క్రూయిజ్ ఓడ ఎక్కుతున్నదీ ఇందుకే. అయితే కూలి న్యాయాన్ని తూచాల్సిన తక్కెడలో ఒక పక్క కార్మికుడి ఊరి పేదరికాన్ని పెట్టకూడదు. అతను చేసే పనిని, ఆ పని వల్ల ఓడకు వచ్చే ఆదాయాన్ని, అతను తలకెత్తుకునే ప్రమాదాన్ని పెట్టాలి. ఇంటి దగ్గర ఆకలి ఉందని ఓడలో అరకూలి న్యాయమైపోదు. మునిగే ఓడలో అతని బాధ్యత అతని పాస్‌పోర్టు రంగుని బట్టి తగ్గదు.

సూట్ బట్లర్ చేతిలో రెండు పనులు

ఇవాళ్టి పెద్ద క్రూయిజ్ ఓడలో సూట్ తీసుకున్నవాళ్లకు బట్లర్ వస్తాడు. సూట్‌కేసులు విప్పి బట్టలు సర్దుతాడు, నలిగినవి ఇస్త్రీ చేయిస్తాడు, మధ్యాహ్నం టీ, సాయంత్రం చిరుతిళ్లు తెస్తాడు, గదిలోనే భోజనం కావాలంటే ఒక్కో వంటకం వరసగా వడ్డిస్తాడు, ఓడలోని రెస్టారెంట్లలో బల్ల బుక్ చేసి పెడతాడు. కింది అంతస్తుల్లో స్టీవార్డు తన వంతు కేబిన్లన్నీ పొద్దున ఒకసారి ఊడ్చి సర్దుతాడు, రాత్రి పడక పరిచి తువ్వాలుతో ఏనుగో కోతో చేసి పెడతాడు. ప్రయాణికుడికి కనిపించేది ఇంతే. కనిపించనిది ఇంకోటుంది. ఓడ సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ ఒక ఎమర్జెన్సీ నంబరు, ఒక స్థానం ఉంటాయి. అలారం మోగితే కొందరు స్టీవార్డులు మెట్ల దగ్గర నిలబడి దారి చూపాలి, కొందరు తమ వంతు కేబిన్లు ఒక్కొక్కటీ తెరిచి ఎవరూ మిగల్లేదని చూడాలి. అందుకే ఓడ ఎక్కేముందు మంటలార్పడం, ప్రథమ చికిత్స, నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, గుంపుని అదుపులో ఉంచడం నేర్చుకోవాలి. ఏ కేబిన్‌లో నడవలేని పెద్దావిడ ఉంది, ఎవరికి వినపడదు, ఏ గదిలో పసిపిల్లలున్నారు? ఇవి పక్కలు సర్దేవాడికి తెలిసినంతగా కెప్టెన్‌కి తెలియవు. సేవ వల్ల పుట్టిన ఆ పరిచయమే ఆపదలో పనికొచ్చే సమాచారం.

ఇది ఊహ కాదు. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలోని జిలియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ రాతికి కొట్టుకుంది. అప్పుడు ఓడలో నాలుగు వేల పైచిలుకు జనం. దెబ్బ తగిలాక ఓడ వదలమన్న ఆదేశం రావడానికి గంటకు పైగా పట్టింది. ఆ అయోమయంలో జనాన్ని బోట్ల దాకా చేర్చే బరువు వెయిటర్లు, వంటవాళ్లు, స్టీవార్డుల మీద పడింది. మరణించిన 32 మందిలో అందరికంటే చివర దొరికినది ఒక భారతీయ వెయిటర్ అవశేషాలు. అవి 2014 నవంబరులో దొరికాయి. ఆ ప్రమాదం తర్వాత, ప్రయాణికులకు భద్రతా కసరత్తు ఓడ బయల్దేరే ముందే, లేదా బయల్దేరిన వెంటనే జరపాలన్న నిబంధన 2015 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ కసరత్తు జరిపించేవాళ్లలో చాలామంది, ఆ రాత్రి మీ పక్క పరిచేవాళ్లే.

రెండో అభ్యంతరం ఆర్థికమైనది. టిప్పు తీసేసి జీతం పెంచితే టికెట్టు ధర పెరుగుతుంది, మంచి బట్లర్ నష్టపోతాడు అంటారు. ప్రయాణికుడు ఆ డబ్బు ఇప్పటికే కడుతున్నాడు. చాలా కంపెనీలు తలకింత రోజుకింత అని టిప్పును బిల్లులో వాటంతటవే వేసేస్తున్నాయి, సూట్‌కి కాస్త ఎక్కువగా. సిల్వర్‌సీ, రీజెంట్ లాంటి ఖరీదైన కంపెనీలు దాన్ని టికెట్టులోనే కలిపేశాయి, వాటి సేవకేం లోటు రాలేదు. పేరు టిప్పైనా అది నిజానికి జీతమే. తేడా ఒక్కటే, ప్రయాణికుడు రిసెప్షన్‌కి వెళ్లి తీసేయమంటే పోయే జీతం. ఇక మంచి బట్లర్ నష్టపోతాడన్నది సూట్ల అంతస్తు దాకా నిజం కావచ్చు, ఉతుకు గదిలో చెమటోడ్చేవాడికి కాదు. మనసుకు నచ్చి ఇచ్చే బహుమతిని ఎవరూ వద్దనరు. అది జీతం మీద అదనంగా ఉండాలి, జీతానికి బదులుగా కాదు.

ఇది కుదరదనేవాళ్లు ఒక్కసారి ఆకాశం వైపు చూడాలి. విమానంలో సేవ చేసే పద్ధతి చాలావరకు ఓడల నుంచి తీసుకున్నదే. 1930 మే 15న అమెరికాలో ఎలెన్ చర్చ్ అనే నర్సు మొదటి స్టీవార్డెస్‌గా విమానం ఎక్కింది. అక్కడా కాఫీ ఇవ్వాలి, దుప్పటి కప్పాలి. కానీ కాలక్రమంలో వాళ్లను భద్రతా సిబ్బందిగా చట్టం గుర్తించింది, ఇన్ని సీట్లకు ఇంతమంది ఉండాలని లెక్క కట్టింది. ఇవాళ విమానం దిగుతూ ఎయిర్ హోస్టెస్ చేతిలో టిప్పు పెట్టాలని సాధారణంగా ఎవరికీ తోచదు. ఆమె సేవా తగ్గలేదు, గౌరవమూ తగ్గలేదు. ఒకే వృత్తి గాలిలో ఒకలా, నీటిలో ఒకలా ఉండటానికి కారణం పని స్వభావంలో లేదు, ఎవరి చట్టం ఎక్కడ వర్తిస్తుందన్న దానిలో ఉంది. బహామాస్, పనామా లాంటి దేశాల జెండా కింద తిరిగే ఓడకు, అది ఆగే రేవుల జీతాల చట్టం సాధారణంగా అంటదు.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2006లో కుదిరి, 2013 ఆగస్టు 20 నుంచి అమల్లోకి వచ్చిన సముద్ర కార్మిక ఒప్పందం, ఓడలో ఏ హోదాలో పనిచేసేవాళ్లైనా నావికులేనని మళ్లీ స్పష్టంగా చెప్పింది. ఇరవై నాలుగు గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలంది. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదంది. భారతదేశం 2015లో దీన్ని ఆమోదించింది. విశాఖ రేవులో 2023లో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. ఇలాంటి ఓడలు మన తీరానికి వస్తున్న కొద్దీ, వాటిలో పనికి వెళ్లే మన పిల్లలూ పెరుగుతారు. లక్షలు కడితే ఓడలో ఉద్యోగమనే ఏజెంటు చెప్పేది చట్టవిరుద్ధమని వాళ్లకు కాలేజీలోనే తెలియాలి. కాంట్రాక్టులో జీతమెంతో, టిప్పుల వాటా ఎంతో విడివిడిగా చూసుకుని సంతకం పెట్టడం నేర్పాలి. ఇది కార్మికుడి జాగ్రత్త. మిగతా సగం ప్రభుత్వాల చేతిలో ఉంది. మన రేవుని ఇల్లుగా చేసుకుని తిరగాలనుకునే ఓడని, టిప్పుతో సంబంధం లేని కనీస జీతం రాసి చూపమని అడగాలి. ఎచెస్ నాటికి చట్టం అతన్ని నావికుడిగా గుర్తించి కూడా మునిగిన ఓడతో పాటే అతని జీతాన్ని ముంచింది. వందేళ్ల తర్వాత గుర్తింపు గట్టిపడింది, విశ్రాంతి గంటలు కాగితం మీదకు వచ్చాయి. పూర్తి జీతం ఒక్కటే ఇంకా బాకీ. ఆ బాకీ ప్రయాణికుడిది కాదు, ఓడ కంపెనీది. దాన్ని వసూలు చేయించాల్సింది ఆ ఓడలకు రేవు ఇచ్చే దేశాలు.