పౌరుడు

పురంలో ఉండేవాడు పౌరుడు. సంస్కృతంలో ఆ మాట పట్టణవాసికే చెందేది. పొలం దున్నే పల్లెటూరివాడు జానపదుడు. 1950 నాటి రాజ్యాంగం ఇద్దరినీ ఒకే మాట కిందికి తెచ్చింది. 21 ఏళ్లు నిండితే చాలు, చదువు, ఆస్తి అడగకుండా ఓటిచ్చింది. ఎంత పెద్ద మనసు! 1989లో ఆ వయసు 18కి దిగింది.

పుట్టుకతో వచ్చే పౌరసత్వం మాత్రం బిగుసుకుంటూ వచ్చింది. 1987 జూలై 1 నుంచి ఇక్కడ పుట్టడమొక్కటే చాలదు, తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 నుంచి నిబంధన ఇంకా కఠినం.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుతో వీసా లేకుండా వస్తారు, ఓటు వేయలేరు. భారత పాస్‌పోర్టు వదులుకోనివాళ్లు ఫారం 6ఎ నింపి సొంతూరి ఓటర్ల జాబితాలో చేరవచ్చు. ఓటేయాలంటే మాత్రం స్వయంగా ఊరికి రావాల్సిందే. విమానం ఖర్చుకు జంకి ఆగిపోయేవాళ్ల కోసమైనా ఈ నిబంధన మారాలి.