కొట్టం గాలిని తూచిన లెక్క

పశువుల కొట్టంలో ముక్కుకు తగిలే ఘాటు అమ్మోనియాది. మూత్రంలోని యూరియాను పేడలోని యూరియేజ్ ఎంజైము విడగొట్టినప్పుడు అది పుడుతుంది. దాన్ని పసిగట్టడం రసాయన శాస్త్రానికి ఏనాడూ పెద్ద పని కాదు. నెస్లర్ ద్రావణం 1856 నాటిదే. చిక్కంతా గాలితోనే. కొట్టం నుంచి ఎంత అమ్మోనియా పోతోందో తేలాలంటే లోపలి గాఢతను, బయటికి వెళ్లే గాలి పరిమాణంతో గుణించాలి. ఫ్యాన్లు బిగించిన కోళ్ల షెడ్లలో ఆ గాలి లెక్కకు దొరుకుతుంది. పక్కలు తెరిచిన ఆవుల కొట్టంలో దొరకదు. పశువుల అమ్మోనియాగా గాలిలో కలిసే నత్రజనిపై నెదర్లాండ్స్‌ను కుదిపేసిన వివాదంలో పెద్ద భాగం ఈ గాలి కొలత దగ్గరే మొదలైందని నేననుకుంటున్నాను.

మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్ 1858లోనే ఇళ్లలో గాలి మార్పిడిని బొగ్గుపులుసు వాయువు ఆధారంగా లెక్కగట్టాడు. కొట్టాలకూ అదే ఉపాయం పనికొచ్చింది: ఆవు బరువు, పాల దిగుబడి తెలిస్తే అది వదిలే వాయువును అంచనా వేయవచ్చు, దాన్నిబట్టి గాలినీ. కానీ పేడ కూడా ఆ వాయువును వదులుతుంది, పశువు పడుకున్నప్పుడూ తిరిగినప్పుడూ ఊపిరి ఒకలా ఉండదు. అంటే కొలత అనుకున్నదాంట్లో సగం అంచనాయే. 1990లలో ఇంగ్లండ్, నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్‌లలో 300కు పైగా కొట్టాలను వేసవిలో ఒకరోజు, చలికాలంలో ఒకరోజు కొలిచారు. 1998లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒకే రకం కొట్టాల మధ్య కూడా తేడాలు విపరీతంగా ఉన్నాయి. అయినా డచ్చి నిబంధనలు ఒక్కో రకం కొట్టానికి ఒక్కో అంకె నిర్ణయించాయి. మామూలు పాడి కొట్టంలో ఒక ఆవుకు ఏడాదికి 13 కిలోలు. అమ్మోనియాను తగ్గించే ప్రత్యేక నేల పరిస్తే అంతకంటే తక్కువ. రైతుకు అనుమతి దొరకడం ఆ అంకెను బట్టే ఉండేది.

ప్రతి కొట్టాన్నీ ఏళ్ల తరబడి కొలవలేం కదా, చట్టానికి ఏదో ఒక అంకె కావాలి కదా అని అడగవచ్చు. దేశం మొత్తం లెక్కకు సగటు చాలు, ఒప్పుకుంటాను. రక్షిత అడవి పక్కనున్న ఒక్క కొట్టానికి మాత్రం చాలదు. 2019లో డచ్చి గణాంక సంస్థ వేరే దారి పట్టింది. భాస్వరం గాలిలో కలవదు కాబట్టి, పొలం దాటి వెళ్లే పేడలో నత్రజని భాస్వరంతో పోలిస్తే ఎంత తగ్గిందో చూసింది. ప్రత్యేక నేల పరిచిన ఖరీదైన కొత్త పాడి కొట్టాల్లో, మామూలు వాటితో పోలిస్తే ఆశించినంత తేడా కనబడలేదు. పోయిన నత్రజనంతా అమ్మోనియాగానే పోలేదన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ కొత్త నేల నిజంగా అమ్మోనియాను ఆపితే ఆ నత్రజని పేడలో మిగిలి కనబడాలి కదా. 2022 సెప్టెంబరులో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కూడా ఆ కొట్టాల అంకెలను నమ్మి అనుమతి ఇవ్వలేమంది. కొలతే అనుమానమైతే కాలుష్యమూ అనుమానమే అనే వాదన మాత్రం నిలవదు. డచ్చి అడవుల్లో చెట్ల ఆకుల నుంచి కారే నీటిలోని అమ్మోనియం సల్ఫేటు నేలను ఆమ్లంగా మారుస్తోందని 1982లోనే తేలింది. ఆ రుజువుకు ఏ కొట్టం అంకె అవసరమూ పడలేదు. పైగా పేడ లెక్క బయటపెట్టిన పొరపాటు, గాలిలోకి పోయే నత్రజని అనుకున్నదానికంటే ఎక్కువేనన్న వైపుకే మొగ్గింది.