అద్దె గదిలో టీవీ బొమ్మ నిలవాలంటే: హథ్‌ఖోజ్‌లో డిష్ ఎటు చూడాలి?

భిలాయిలోని భారీ పారిశ్రామిక ప్రాంతం హథ్‌ఖోజ్. ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైన నాటి నుంచి ఈ నగరానికి పనికోసం వచ్చిన వారిలో తెలుగువారూ ఉన్నారు. అద్దె గదిలో ఉండే శ్రామికునికి టీవీ కాలక్షేపం మాత్రమే కాదు. ఉత్తరాంధ్ర తీరానికి తుపాను వస్తోందంటే, ఇంటి క్షేమం గురించి మాతృభాషలో తెలిపే సాధనం అది.

బొమ్మ సరిగా రాకపోతే చాలామంది కొత్త బాక్సో, బూస్టరో కొంటారు. నిజానికి అధిక సందర్భాల్లో లోపం డిష్ దిశలోనో, దానికి అడ్డుగా ఉన్న గోడలోనో, వదులైన కేబుల్‌లోనో ఉంటుంది.

పాత యాంటెన్నా ఎందుకు పనిచేయదు?

దూరదర్శన్ తన భూతల అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను, వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 మినహా, 2022 నాటికి దశలవారీగా నిలిపివేసింది. కనుక గదిలో పెట్టే పాత యాంటెన్నాకు ఎంత బూస్టరు తగిలించినా ఆ ప్రసారాలు అందవు.

నెలవారీ రుసుము లేకుండా టీవీ చూడదలచినవారికి 2004 డిసెంబరులో మొదలైన డీడీ ఫ్రీ డిష్ ఉంది. డిష్, సెట్‌టాప్ బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సప్తగిరి, తెలంగాణకు చెందిన యాదగిరి చానెళ్లు ఇందులో ఉన్నాయి. అయితే పాత ఎంపెగ్-2 బాక్సులో అన్ని చానెళ్లూ రావు. ఎంపెగ్-4 బాక్సు తీసుకోవడం మేలు.

డిష్ ఏ దిక్కున ఉండాలి?

ఫ్రీ డిష్ ప్రసారాలు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. 2015 నవంబరులో ప్రయోగించిన ఈ ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంటుంది. భిలాయి నుంచి చూస్తే అది దక్షిణం నుంచి సుమారు 31 డిగ్రీలు తూర్పుకు, క్షితిజం నుంచి సుమారు 61.5 డిగ్రీల ఎత్తున ఉంటుంది.

విశాఖపట్నంలో దిక్కు దాదాపు ఇదే అయినా ఎత్తు సుమారు 66 డిగ్రీలు. అక్కడి నుంచి తెచ్చిన డిష్‌ను పాత బిగింపుతోనే నిలబెడితే సంకేతం అందదు. ఇళ్లపై కనిపించే ఆఫ్‌సెట్ డిష్ అసలు కోణం కంటే నిటారుగా కనిపిస్తుంది. అందువల్ల పళ్లెం వాలును బట్టి కాక, స్టాండుపై ఉన్న డిగ్రీల గుర్తులను బట్టి బిగించాలి.

ఇనుప రేకులు, చువ్వల దగ్గర ఫోనులోని దిక్సూచి తప్పు చూపవచ్చు. వాటికి దూరంగా నిలబడి దిక్కు గుర్తించాలి.

గది తీసుకునే ముందే తెలుసుకోవచ్చా?

మార్చి రెండో వారంలో ఉదయం సుమారు 11.20 గంటలకు, అక్టోబరు తొలి వారంలో సుమారు 11 గంటలకు సూర్యుడు ఈ ఉపగ్రహం ఉన్న దిశలోనే కనిపిస్తాడు. ఆ వేళ డిష్ పెట్టదలచిన చోట ఎండ పడితే అక్కడికి సంకేతమూ చేరుతుంది. నీడ ఉంటే ఆ చోటు పనికిరాదు. ఆ రోజుల్లోనే సూర్యకిరణాల వల్ల కొద్ది నిమిషాలు ప్రసారం ఆగడం సహజం.

మిగతా రోజుల్లో ఆగ్నేయానికీ దక్షిణానికీ నడుమ ఆకాశం తెరిపిగా ఉందో లేదో చూడాలి. బాల్కనీ ఉత్తరం వైపే ఉంటే డాబా వాడుకోవడానికి అనుమతి ఇస్తారో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే యజమానిని అడగడం మంచిది.

గోడకు రంధ్రం వేయనక్కరలేదు

యజమాని మేకులు కొట్టనివ్వకపోతే డిష్‌ను ఇనుప స్టాండుపై అమర్చి, ఇసుక బస్తాలు లేదా ఇటుకలు బరువుగా పెట్టవచ్చు. గాలికి కదలకుండా బిగించాలి. విద్యుత్ తీగలకు దూరంగా ఉంచాలి.

సెట్‌టాప్ బాక్సు తెరపై స్ట్రెంత్, క్వాలిటీ అనే రెండు గీతలు కనిపిస్తాయి. మొదటిది ఎక్కువగా ఉన్నా రెండోది సున్నా అయితే డిష్ సరైన ఉపగ్రహం వైపు లేదని భావించాలి. ఒకరు తెర చూస్తూ చెబుతుండగా మరొకరు డిష్‌ను కొద్దికొద్దిగా జరిపి, ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగాలి.

వానలో బొమ్మ ఆగితే?

కేయూ బ్యాండు తరంగాలను భారీ వర్షం బలహీనపరుస్తుంది. వాన తగ్గగానే బొమ్మ తిరిగి వస్తే మరమ్మతు అక్కరలేదు. తేలికపాటి జల్లుకే ఆగిపోతుంటే డిష్ గురి కొద్దిగా తప్పి ఉండవచ్చు, లేదా కనెక్టరులోకి నీరు చేరి తుప్పు పట్టి ఉండవచ్చు. కనెక్టరు మార్చి, దానిపై నీరు చొరబడని టేపు చుట్టాలి. పిడుగులు పడే వేళ డాబా ఎక్కకూడదు. ఉరుములు మొదలుకాకముందే టీవీ, బాక్సుల ప్లగ్గులతో పాటు డిష్ కేబుల్‌నూ తీసివేయాలి.

డిష్‌కు ఏ మార్గమూ లేనప్పుడు ప్రసార భారతి 2024 నవంబరు 20న ప్రారంభించిన వేవ్స్ యాప్‌లో దూరదర్శన్ చానెళ్లను ఫోనులో చూడవచ్చు. అందుకు డేటా ఖర్చవుతుంది. కాబట్టి నెలనెలా ఇంటికి డబ్బు పంపేవారు ముందుగా డాబా మీద ఎండ పడే చోటు వెదకడమే లాభం.