గిట్‌ల్యాబ్ డేటాబేస్ నష్టం (2017)

సోర్స్ కోడ్ నిల్వ సేవ గిట్‌ల్యాబ్.కామ్ ప్రధాన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ 2017 జనవరి 31 రాత్రి పొరపాటున చెరిగిపోయిన ఘటన. సేవ సుమారు 18 గంటలు ఆగింది. దిద్దుబాటు జరుగుతుండగానే సంస్థ తన నోట్సును అందరికీ తెరిచి, పనిని యూట్యూబులో ప్రత్యక్షంగా చూపింది. డేటాబేస్ నిర్వాహకుల (డీబీఏల) పని ఒత్తిడి ఇంత వివరంగా నమోదైన సందర్భాలు అరుదు.

ఆ సాయంత్రం డేటాబేస్‌పై లోడు పెరిగింది. అది స్పామర్ల వల్లేనని తొలి కథనం. ఫిబ్రవరి 10 నాటి సంస్థ సమీక్ష మాత్రం, దుర్వినియోగ ఫిర్యాదు కారణంగా ఒక ఉద్యోగి ఖాతాను పొరపాటున తొలగిస్తున్న జాబ్ కూడా కొంత కారణమంటుంది. తీరిగ్గా పరిశీలించి రాసింది కాబట్టి దీన్నే ఎక్కువగా నమ్మవచ్చు.

లోడుకు ప్రధాన డేటాబేస్ నకలు సర్వరు (రెప్లికా) వెనకబడింది. దానికి కావలసిన వాల్ ఫైళ్లు (మార్పుల లాగ్) ప్రధాన సర్వరులో అప్పటికే పోయాయి, ఆర్కైవింగ్ లేదు. రెప్లికాను మొదటినుంచి కట్టడమే మిగిలింది. అందుకు వాడే పీజీ_బేస్‌బ్యాకప్, ప్రధాన సర్వరు డేటా పంపడం మొదలుపెట్టేదాకా ఏమీ చెప్పకుండా కూర్చుంటుంది. చూసేవారికి అది స్తంభించినట్టే ఉంటుంది. పాత డేటా డైరెక్టరీ అడ్డొస్తోందనుకున్న ఇంజనీరు దాన్ని తొలగించాడు, కానీ రెప్లికాలో కాదు, ప్రధాన సర్వరులో. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపేసరికి దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది.

అసలు దెబ్బ బ్యాకప్‌ల దగ్గర తగిలింది. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది కాగా, బ్యాకప్ తీసే పీజీ_డంప్ 9.2తో నడిచి ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. ఆ బ్యాకప్‌లు చేరాల్సిన ఎస్3 బకెట్ ఖాళీ. వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లను వాటికి డీమార్క్ అమర్చనందున మెయిల్ సర్వరు తిరస్కరించింది. అజూర్ డిస్క్ స్నాప్‌షాట్లు ఫైల్ సర్వర్లకే ఉన్నాయి, డేటాబేస్‌కు లేవు. "అయిదు పద్ధతులూ పనిచేయలేదు" అన్న మాట తరచూ వినిపిస్తుంది కానీ, అక్షరాలా తీసుకోకూడదు. స్టేజింగ్‌లో (పరీక్షల సర్వర్లలో) ఒక పరీక్ష కోసం దాదాపు ఆరు గంటల ముందు ఒక ఇంజనీరు చేత్తో తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్ దక్కింది. మామూలుగా అది 24 గంటలకోసారే తీసేవారు. కాపాడింది ఏర్పాటు కాదు, ఆ పరీక్షే. స్టేజింగ్ డిస్కుల వేగం తక్కువ కావడంతో డేటాను తిరిగి తేవడానికి చాలాసేపు పట్టింది.

యూటీసీ ప్రకారం 17:20 నుంచి అర్ధరాత్రి దాకా చేరిన సమాచారం పోయింది: సమీక్ష అంచనాలో సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు. తొలి గంటల్లో వచ్చిన అంకెలకంటే వీటినే వాడటం మేలు. గిట్ రిపాజిటరీలకు, వికీలకు నష్టం లేదు.

తర్వాతి చర్యల్లో సర్వర్లను తేలిగ్గా గుర్తించేలా టెర్మినల్ ప్రాంప్ట్ మార్చడం, బ్యాకప్‌లను తరచూ రీస్టోర్ చేసి చూడటం ఉన్నాయి. అంతకుముందు రీస్టోర్ పరీక్ష ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు సమీక్ష ఇచ్చిన జవాబు: అది ఎవరి బాధ్యతగానూ లేకపోవడం.