పంచముల నుంచి ఆది ఆంధ్రుల దాకా: ఒక పేరు ముందే చెప్పిన చరిత్ర

2025 మార్చిలో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న అసెంబ్లీలో ఎస్సీ వర్గీకరణ బిల్లు పాసైంది. ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, చట్టం అమల్లోకొచ్చింది. 59 కులాల్ని మూడు గ్రూపులు చేశారు. ఈ కథని మనం మామూలుగా 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా నుంచి మొదలుపెడతాం. తప్పులేదు. గానీ ఈ చైతన్యానికీ, దాని లోపలి తగవుకీ ఆనవాళ్లు ఇంకా వెనక ఉన్నాయి. ఇదే అసెంబ్లీ పాత భవనాన్ని టౌన్‌హాలుగా కడుతున్న రోజుల్లోనే, ఇదే పట్నంలో ఉన్నాయి.

1888లో హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టిన మాదరి భాగయ్య తర్వాత భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. రెడ్డి అంటే రేడు, అంటే పాలించినవాడు, ఈ నేలకు ఒకప్పుడు మీరే రేళ్లు అని వాళ్ల కులగురువు ఆ పేరు పెట్టాడట. వర్మ అనేది 1913లో ఆర్యసమాజం వాళ్లిచ్చిన బిరుదు. ఒక మనిషి పేరులోనే రెండు దారులున్నాయి చూడండి. ఒకటి మేమే మూలవాసులం అనేది, ఇంకోటి హిందూ సమాజంలో పైమెట్టు అడిగేది. ఈ రెండింటి పెనుగులాట ఆయన జీవితమంతా ఉంది, ఆయన తర్వాతా పోలేదు.

1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలూ భజనలతో మొదలెట్టాడు. 1910లో ఇసామియా బజారు, లింగంపల్లిలలో మన పిల్లలకు బళ్లు తెరిచాడు. ఆబిడ్స్ నుంచి కోఠి దాటితే ఇసామియా బజారు, ఎంతో దూరం లేదు. 1911లో మండలి కాస్తా మాన్య సంఘం అయింది. మన్ననకు తగినవాళ్ల సంఘం అన్నమాట. అంటరానివాడనిపించుకునే మనిషి తన సంఘానికి ఆ పేరు పెట్టుకోవడమే ఆనాటికి పెద్ద తిరుగుబాటు.

1917 నవంబరులో బెజవాడలో ప్రథమాంధ్ర పంచమ మహాజన సభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. పంచములు గుళ్లోకి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. సభలో ఆయన ముందు ఆ పంచమ అన్న మాటనే పట్టుకున్నాడు. మనం ఎవరికీ అయిదో వాళ్లం కాదు, ఈ నేలకి మొదటివాళ్లం అని వాదించాడు. అక్కడే సభ పేరు ఆది ఆంధ్ర మహాజన సభగా మారింది. అయిదేళ్లు తిరక్కుండానే, 1922లో, మద్రాసు ప్రభుత్వం తన కాగితాల్లో పంచమ అన్న మాట తీసేసి తెలుగువాళ్లకు ఆది ఆంధ్ర, తమిళులకు ఆది ద్రావిడ అని రాసుకుంది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం మనల్ని ఆది హిందువులుగా రాసింది. సభలో పెట్టుకున్న పేరు సర్కారు చేత రాయించుకోవచ్చని అప్పుడే తేలిపోయింది.

ఐతే ఒక్క పేరు కింద అందరూ సమానంగా లేరు. పట్నంలో సంఘాల నాయకత్వం ఎక్కువగా మాలలదే. మాదిగలు చాలామంది ఊళ్లల్లో తోలు పనిలో, వెట్టిలో మిగిలిపోయారు. ఈ సంగతి భాగ్యరెడ్డి వర్మకు తెలీదనుకోను. తెలుగులో తొలి దళిత కథగా చాలామంది చెప్పే ఆయన కథ, 1931లో రాసింది, పేరు వెట్టి మాదిగ. మాల నాయకుడు మాదిగ కష్టం రాశాడు, అది గొప్ప సంగతే. గానీ మాదిగలు తమ మాట తామే చెప్పుకోవాలనుకున్నారు. అరుంధతీయులం అని వేరే పేరు పెట్టుకున్నారు. నేను మాదిగోణ్ణి కాబట్టి ఈ మాట అంటున్నానని ఎవరైనా అనొచ్చు. ఎస్సీ జాబితా తీసి చూడండి. మొదటి పేరు ఆది ఆంధ్ర, అయిదోది అరుంధతీయ. మాల, మాదిగ వేరేగా ఉండనే ఉన్నాయి. ఆనాటి ఐక్యతా ఆనాటి చీలికా రెండూ సర్కారు కాగితం మీదే ఉన్నాయి.

1917 నాటి వాళ్లకు 2025 ముందే తెలుసని నేననడం లేదు. అది జాతకం చెప్పడం అవుతుంది, చరిత్ర కాదు. వాళ్లు ఎంచుకున్న పద్ధతి మాత్రం, అంటే పేరు మార్చు, సర్కారుతో రాయించు, లెక్కల్లో కనపడు అనేది, తర్వాత వాళ్ల సంఘాల్లోని వాళ్లే ఒకరిమీద ఒకరు వాడుకున్నారు. దండోరా వాళ్లు పేరు చివర మాదిగ అని తగిలించుకున్నప్పుడు చేసింది ఇదే పని, కాకపోతే తిరగేసి. భాగ్యరెడ్డి వర్మ తిట్టుని తీసేసి గౌరవాన్ని తెచ్చాడు, వీళ్లు ఆ తిట్టునే గౌరవం చేశారు.

భాగ్యరెడ్డి వర్మ మీద ఇప్పుడు పుస్తకాలున్నాయి. ఊళ్లల్లో మొదటిసారి మేం అరుంధతీయులం అన్నవాళ్లెవరో, ఎవరి ముందు నిలబడి ఆ మాట అన్నారో ముసలోళ్ల నోట విని రాసుకోవాలి. ఆ పని మిగిలే ఉంది.