కొలువు కోరువారికి పరీక్ష: నాడును నేడును



కొత్తకోట, వనపర్తి, గద్వాల, నాగరుకర్నూలు ప్రాంతముల నుండి పట్టభద్రులైన యువతీయువకులు నేడు హైదరాబాదునకు పోయి, పెద్ద పెద్ద సంస్థలలో ఉద్యోగములు కోరుచున్నారు. అక్కడ వారికి జరుగు ప్రశ్నోత్తరములనే ఇంటర్వ్యూ అనుచున్నాము. చదువులో మొదటివాడుగా నుండిన పిల్లవాడు అరగంట ప్రశ్నలకే తడబడి తిరిగివచ్చుట చూచి, ఇదేమి వింత పరీక్షయని పెద్దలు విస్తుపోవుచున్నారు. ఈ పరీక్షకు వెనుక దీర్ఘమైన చరిత్ర కలదు. దానిని తెలిసికొన్నచో పిల్లవాని తడబాటునకు కారణము కొంత బోధపడును.

పూర్వము మన పల్లెలలో ఉద్యోగమునకు ప్రశ్నలే లేవు. పట్వారీ కుమారుడు పట్వారీ, పటేలు కుమారుడు పటేలు. ఈ వంశపారంపర్యము 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము రద్దుచేయువరకు సాగినది. పై కొలువులకు సిఫారసే యోగ్యత. అయితే ఒక్క విద్వాంసునికి మాత్రము పరీక్ష తప్పలేదు. "విద్వద్గద్వాల" యని పేరొందిన గద్వాల సంస్థానమునకుగాని, వనపర్తి, ఆత్మకూరులకుగాని వచ్చిన కవి సభలో నిలిచి తన శక్తిని చూపవలసియుండెను. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు నిషిద్ధాక్షరితో అడ్డగింతురు. ఒకరు అప్రస్తుత ప్రసంగముతో మనస్సును చెదరగొట్టజూతురు. విద్యతోబాటు నిబ్బరమును గూడ పరీక్షించుటయే వారి ఉద్దేశము. నేటి ఇంటర్వ్యూలోని అంతరార్థము దీనికి దూరమైనది కాదు.

సిఫారసును తొలగించి పోటీ పరీక్ష పెట్టవలెనను తలంపు ఆంగ్లేయుల పాలనలో బలపడినది. 1855 నుండి ఇండియను సివిలు సర్వీసునకు లండనులో పోటీ పరీక్ష జరుపసాగిరి. 1863లో సత్యేంద్రనాథ ఠాకూరు అందులో నెగ్గిన మొదటి భారతీయుడు. కాని సముద్రము దాటి పోగలవారెందరు? ఆ పరీక్షను మన దేశమునగూడ జరుపుట 1922లోగాని ఆరంభము కాలేదు. మదరాసు రాష్ట్రమున సర్వీసు కమిషను 1929లో ఏర్పడినది.

హైదరాబాదు రాజ్యములో చిక్కు వేరొక రూపమున వచ్చినది. 1853 నుండి 1883 వరకు దివానుగా నుండిన మొదటి సాలారుజంగు పరిపాలనను సంస్కరించుటకు సయ్యదు హుస్సేను బిల్గ్రామీ వంటి విద్యావంతులను ఉత్తరదేశము నుండి రప్పించెను. పిదప 1880 దశకమున కచ్చేరీలలో పారసీకమునకు బదులు ఉర్దూ ప్రవేశించినది. మన తెలుగు బాలునకు రెండును పరభాషలే. ఇంట మాటలాడు భాష ఒకటి, కొలువున అడుగు భాష మరియొకటి. స్థానికులకు ఉద్యోగములు దక్కుటకై 1919లో నిజాము ముల్కీ ఫర్మానా వెలువరించెను. పదునైదేండ్లు ఈ రాజ్యమున నివసించినవానిని గూడ ముల్కీగా నెంచిరి. కాని ఈ నియమము నివాసమును మాత్రమే చూచెను. భాష యను అడ్డుగోడను ముట్టలేదు.

ఆ గోడ ఎంత యెత్తైనదో 1921 నవంబరులో తేటతెల్లమైనది. హైదరాబాదు వివేకవర్ధనీ నాటకశాలలో జరిగిన సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడగా సభికులు గోలచేసి అవమానించిరి. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. మన గద్వాల ప్రాంతమువారగు సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి తెలుగువాని గొంతు వినిపించిరి. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైనవారు వీరే. ఆ సంవత్సరముననే ముల్కీ ఉద్యమము చెలరేగినది. ముల్కీ నియమములు 1973లో రద్దుకాగా, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికులకు వేరొక రక్షణ కల్పించినది.

ఇంతలో మరియొక ప్రశ్న బయలుదేరినది. వ్రాతపరీక్షలో నెగ్గినవానిని మౌఖిక పరీక్షలో అన్యాయముగా దింపవచ్చును గదా? హర్యానా రాష్ట్రపు నియామకములను గూర్చిన వ్యాజ్యెములో 1985లో సుప్రీముకోర్టు ఈ భయము నిజమేయని గ్రహించి, సాధారణ అభ్యర్థుల విషయమున మౌఖిక పరీక్షకు మొత్తము మార్కులలో 12.2 శాతమునకు మించి ఉండరాదని చెప్పినది. కేంద్రప్రభుత్వము 2016 జనవరి 1 నుండి క్రింది తరగతుల ఉద్యోగములకు ఇంటర్వ్యూనే తీసివేసినది. తెలంగాణ ప్రభుత్వము 2022లో గ్రూపు-1, గ్రూపు-2 నియామకములకు దానిని మానివేయ నిశ్చయించినది. భాషావిషయమునను మేలు జరిగినది. శ్రీకాకుళము జిల్లా పల్లెకు చెందిన ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ సివిలు సర్వీసు పరీక్షను తెలుగులో వ్రాసి, తెలుగులోనే ప్రశ్నలకు జవాబులిచ్చి, 2017లో వెలువడిన ఫలితములలో దేశమున 3వ స్థానము పొందెను.

కాని ఇవన్నియు ప్రభుత్వ కొలువుల కట్టుబాట్లు. మన పిల్లలు నేడు అధికముగా పోవుచున్నవి ప్రైవేటు సంస్థలు. 1845లో విలియము వెల్చి డెలాయిటు లండనులో లెక్కల తనిఖీకై తెరచిన చిన్న కార్యాలయమే నేడు ప్రపంచమంతట వ్యాపించి, హైదరాబాదులో వేలకొలది మందికి పని కల్పించుచున్నది. ఇట్టి సంస్థలలో సాధారణముగా మొదట కంప్యూటరు మీద పరీక్ష, పిమ్మట కొందరిని ఒకచోట కూర్చుండబెట్టి చర్చ, అటుపై చదివిన విషయముపై ప్రశ్నలు, కడపట స్వభావము నెరుగుటకు సంభాషణ జరుగును. వ్యవహారమంతయు ఆంగ్లముననే. ఇక్కడ 12.2 శాతపు హద్దు లేదు. తెలుగున చెప్పుదునను హక్కును లేదు. పారసీకము పోయి ఉర్దూ, ఉర్దూ పోయి ఆంగ్లము వచ్చినవి. గోడ మాత్రము నిలిచియే యున్నది. పిల్లవాని తడబాటునకు తెలివితక్కువ కారణము కాదు. పెక్కుసారులు ఈ గోడయే కారణము.

అయినను ఆ గదిలో అడుగునది కేవలము భాష కాదు. "ఈ నగరమున దినమునకు ఎన్ని కప్పుల టీ అమ్ముడుపోవును?" అని యడుగుదురు. సరియైన సంఖ్య వారికిని అక్కరలేదు. ఎట్లు అంచనా కట్టెనో చూతురు. వేరుసెనగ చేను గట్టున నిలిచి ఎన్ని బస్తాలు దిగునో చెప్పగల రైతు ఈ విద్యయందు ఏనాడో ఆరితేరినవాడు. "తోటివారితో భేదము వచ్చినప్పుడు ఏమి చేసితివి?" అని యడుగుదురు. పంచాయతీ తీర్చిన పెద్దలకు ఇది క్రొత్త ప్రశ్నయా?

కావున పెద్దలకు చేయదగిన పనులు కొన్ని కలవు. పిల్లవాని నెదుట కూర్చుండబెట్టుకొని ప్రశ్నింపుడు. అతని చదువును, చేసిన పనిని నదురు బెదురు లేక వివరింపనిండు. ఆడపిల్లకును ఆ యవకాశమే యిండు. ఊరి బడిలో ఆంగ్లము వ్రాయుటయేగాక మాటలాడుటయు నేర్పుచున్నారా యని విచారింపుడు. ఉద్యోగమిప్పింతునని సొమ్మడుగు దళారిని గడప తొక్కనీయకుడు. అతడు పాత సిఫారసునకు క్రొత్త వేషము. ఒకచోట కాదనిపించుకొని వచ్చినవానిని నిందింపకుడు. అవధానమున ఒక పూరణ తప్పినంతమాత్రమున కవి కవి కాకపోడు. భాష యను గోడను ఒక తరము నిచ్చెన వేసికొని దాటినచో, తరువాతి తరము దానిని కూల్చుటకు బలము పొందును.