మూతపడిన పొలిమేరలు – గడువు లేని ఉత్తర్వులు

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి పంపమని కార్యదర్శిగారు కోరారు. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు మాత్రమే కాదు కనుక, మనమందరం కళ్లారా చూసి అప్పుడే మరచిపోతున్న ఘట్టాన్ని ఎంచుకున్నాను. 2020, 2021 సంవత్సరాలలో కరోనా కారణంగా రెండు తెలుగు రాష్ట్రాల నడుమ దారులు మూతపడిన వైనం ఇది. నేను జగ్గయ్యపేట వాసిని. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి 33 ఏళ్లు కాగితాలతో కాపురం చేసినవాణ్ణి. కాబట్టి రోగం సంగతి వైద్యులకు వదిలి, ఉత్తర్వుల సంగతి విన్నవించుకుంటాను.

పాత చట్టం

అంటువ్యాధి వచ్చినప్పుడు దారులు కట్టడం ఇప్పుడు పుట్టిన పద్ధతి కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు తగిలింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 4న ఆంగ్ల ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసింది. మూలచట్టంలో ఉన్నవి నాలుగే సెక్షన్లు. రైలు ప్రయాణికులను తనిఖీ చేయడానికి, అనుమానితులను వేరుగా ఉంచడానికి ఒక సెక్షను అధికారం ఇచ్చింది. మాట వినని వారికి శిక్ష మరొక సెక్షనులో ఉంది. సదుద్దేశంతో పని చేసిన అధికారిపై దావా వేయరాదని చివరి సెక్షను. మద్రాసు రాజధానిలో ఆ రోజులలో ప్లేగు పాస్‌పోర్టులు కూడా ఉండేవి. వ్యాధి ఉన్న ప్రాంతం నుంచి వచ్చినవారు దాన్ని పట్టుకొని అధికారులకు కనిపించవలసి వచ్చేది.

ఆ చట్టాన్నే 123 ఏళ్ల తరువాత, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంతో కలిపి వాడారు. ఇందులో అధికారికి రక్షణ ఉంది. ఆంక్ష ఎన్నాళ్లు ఉండవచ్చు, నష్టపోయినవాడు ఎవరికి అర్జీ పెట్టుకోవాలి అన్న మాట మాత్రం మూలచట్టంలో లేదు. తరువాత జరిగిన చిక్కులకు వేరు ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

ఒక కాగితం, రెండు ప్రభుత్వాలు

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. హైదరాబాదులో హాస్టళ్లు ఖాళీ చేయమన్నందున ఆంధ్ర ప్రాంతపు విద్యార్థులు, చిరుద్యోగులు పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరి నిరభ్యంతర పత్రాలు తీసుకొని బయలుదేరారు. మా మండలంలోని గరికపాడు చెక్‌పోస్టుకు వచ్చేసరికి ఈవలి రాష్ట్రం వారిని ఆపింది. ఎక్కడివారు అక్కడే ఉండాలన్నది కేంద్రం మాట, క్వారంటైనుకు ఒప్పుకుంటేనే ప్రవేశం అన్నది ఇక్కడి మాట. వేలమంది రోడ్డు మీద నిలబడ్డారు. కొందరిని క్వారంటైను షరతుపై రానిచ్చారు, కొందరు వెనక్కు మళ్లారు. ఒక ప్రభుత్వ ముద్ర ఉన్న పత్రం అర కిలోమీటరు అవతల చిత్తుకాగితమైనదని ఆ పిల్లలకు కలిగిన కోపం ఇంతా అంతా కాదు.

అయినా ఆ మొదటి నెలలలో జనం ఓర్చుకున్నారనే చెప్పాలి. రోగం ఎటువంటిదో తెలియదు, మందు లేదు, భయం అందరిలో ఉంది. మా ప్రాంతంలో కొన్ని గ్రామాలవారు తామే ముళ్లకంపలు, తాటిమొద్దులు అడ్డంపెట్టి పొలిమేరలు కట్టుకున్నారు. దారి మూయడాన్ని ప్రజలు ద్వేషించారనుకోవడం పొరపాటు. ఎప్పుడు తెరుస్తారో చెప్పకపోవడమే వారికి కష్టమైనది.

ఏడు నెలల బస్సు కథ

మే 30న కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఉత్తర్వులో రాష్ట్రాల మధ్య రాకపోకలకు విడిగా అనుమతి అక్కరలేదని రాశారు. కారణం చూపి ఆంక్ష పెట్టుకునే వీలు రాష్ట్రాలకు అందులోనే ఉంచారు. ఆ వీలును పట్టుకొని పాసుల పద్ధతి నడిచింది. ఆగస్టు 22న కేంద్ర హోం కార్యదర్శి అన్ని రాష్ట్రాలకు లేఖ రాసి, ఇటువంటి ఆంక్షలు మార్గదర్శకాలకు విరుద్ధమని గుర్తుచేయవలసి వచ్చింది.

ఆ వేసవిలో కోదాడలో మా అక్కగారు కాలం చేశారు. మా ఊరికి గంట ప్రయాణం కూడా లేదు. వెళ్లి తిరిగి రావడానికి ఆన్‌లైనులో రెండుసార్లు దరఖాస్తు పెట్టాను. రెండుసార్లూ తిరస్కరణే, కారణం గడి ఖాళీ. పెద్దకర్మకు కూడా వెళ్లలేకపోయాను. తిరస్కరించే ఎండార్సుమెంటులో కారణం రాయకపోతే మా రోజులలో సూపరింటెండెంటుగారు ఫైలు విసిరికొట్టేవారు. అవతలివాడు ఆ కారణం చూసి గదా పై అధికారికి అప్పీలు చేసుకునేది!

ఇక ఆర్టీసీ బస్సుల సంగతి. ఇవి మార్చి 22న ఆగాయి. జూన్ తరువాత సొంత కార్లు తిరిగాయి, ప్రైవేటు బస్సులు పెంచిన ఛార్జీలతో తిరిగాయి. పేదవాడి ఆర్టీసీ బస్సు మాత్రం కదలలేదు. అప్పటికి అడ్డు కరోనా కాదు, కిలోమీటర్ల లెక్క. విభజన తరువాత రెండు సంస్థల మధ్య అంతర్రాష్ట్ర ఒప్పందం జరగలేదు. ఆంధ్ర సంస్థ తెలంగాణలో రోజుకు 2.65 లక్షల కిలోమీటర్లు, తెలంగాణ సంస్థ ఆంధ్రలో 1.52 లక్షల కిలోమీటర్లు నడుపుతుండేవి. సమానం చేయాలన్న బేరం నెలల తరబడి సాగింది. దసరాకు బస్సులు చెక్‌పోస్టు వరకే. జనం దిగి, సామాను నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకన వేసుకొని, రెండవ రాష్ట్రపు బస్సు కోసం నడిచారు. నేను గరికపాడు దగ్గర నిలబడి చూశాను. ఒక ముసలాయన "రోగం నడిచిపోయేవాడికి అంటదు గావును" అని నవ్వాడు. ఆ నవ్వులో ఉన్న కసి ఏ ధర్నాలోనూ చూడలేదు.

చివరకు నవంబరు 2న ఒప్పందం కుదిరింది. ఆంధ్ర బస్సులు 638, రోజుకు 1,60,999 కిలోమీటర్లు. తెలంగాణ బస్సులు 826, రోజుకు 1,61,258 కిలోమీటర్లు. రోగం పేరిట ఆగిన బస్సు లెక్కల పేరిట ఆగిపోయి ఉండడం చరిత్రలో నమోదు కావలసిన విషయం.

అంబులెన్సులు ఆగిన వారం

2021 మే నెల ఇంకా బాధాకరం. రెండవ విడత ఉధృతిలో ఆసుపత్రులలో పడకలు లేవు, ప్రాణవాయువు లేదు. మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అంతరాయం వల్ల ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది మరణించారు. అదే రోజు కర్నూలు వైపు పుల్లూరు దగ్గర, మన వైపు కోదాడ దగ్గర రామాపురం వద్ద, ఆంధ్ర నుంచి హైదరాబాదు వెళ్లే అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపారు. ఆసుపత్రిలో పడక ఖాయమైనట్లు రుజువు చూపాలన్నారు. ఆ వారంలోనే వెలువడిన మెమో, ముందుగా కంట్రోల్ రూం అనుమతి ఉండాలన్నది. కొందరు రోగులు వాహనాలలోనే కన్నుమూశారు.

తెలంగాణ ప్రభుత్వ వాదన కూడా చెప్పడం న్యాయం. పడక ఉందో లేదో తెలియకుండా వచ్చినవారు ఆసుపత్రుల చుట్టూ తిరిగి చనిపోతున్నారు, తమవారికే పడకలు చాలడం లేదు అన్నారు. ఇందులో నిజం ఉంది. కాని అప్పటికి హైదరాబాదు చట్టప్రకారం ఉమ్మడి రాజధాని. ఆ ఏర్పాటు 2024 జూన్ 2న ముగిసింది. 2019 నవంబరు నుంచి ఆంధ్ర ప్రభుత్వమే కొన్ని చికిత్సలకు హైదరాబాదు ఆసుపత్రులలో ఆరోగ్యశ్రీ వర్తింపజేసింది. మన పింఛనుదారులలో గుండెకు, మూత్రపిండాలకు ఏళ్ల తరబడి అక్కడే చూపించుకుంటున్నవారు ఎందరో. అటు చూస్తే అలంపురం వాసులకు కర్నూలు పెద్దాసుపత్రే దగ్గర. వైద్యం విషయంలో సరిహద్దు ఇరువైపులవారిదీ ఒకే కుటుంబం.

ప్రధాన న్యాయమూర్తి హిమా కోహ్లి, న్యాయమూర్తి బి. విజయసేన్ రెడ్డి గార్ల ధర్మాసనం మే 14న ఆ మెమో అమలును నిలిపివేసింది. రోగులకు దారి చూపడానికి కంట్రోల్ రూం పెట్టుకోవచ్చు, అనుమతి లేదని అంబులెన్సును ఆపరాదు అన్నది దాని సారాంశం. నాలుగు రోజులలో ఆ ఆటంకం తొలగింది. ఆ నాలుగు రోజులు కొన్ని ఇళ్లకు ఎప్పటికీ తీరని లోటయ్యాయి.

ఇతర చోట్ల

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. ఏడాది ముందే, 2020 మార్చిలో, కర్ణాటక తన సరిహద్దు రోడ్లపై మట్టి పోసి కాసరగోడు వాసులను మంగళూరు ఆసుపత్రులకు రానీయలేదు. కొందరు రోగులు మరణించారు. ఏప్రిల్ 1న కేరళ హైకోర్టు అడ్డంకులు తొలగించమన్నది. ఏప్రిల్ 7న తలపాడి వద్ద రోగులను అనుమతించే పద్ధతి ఖాయమైనట్లు సుప్రీంకోర్టుకు తెలిపారు. ఆ పద్ధతి కాగితాన్ని అన్ని రాష్ట్రాలు ఒక్కసారి చదివి ఉంటే మన మే నెల తప్పేది.

విదేశాలలోనూ ఇదే వరస. ఆస్ట్రేలియాలో ఆల్బరీ, వొడోంగా అని నది కిరువైపులా జంట పట్టణాలున్నాయి. ఇద్దరికీ ఒకే ఆసుపత్రి వ్యవస్థ. 1919 ఇన్‌ఫ్లుయెంజా తరువాత మొదటిసారిగా 2020 జూలైలో ఆ రెండు రాష్ట్రాల హద్దు మూసి నవంబరులో తెరిచారు. అదే దేశంలో పశ్చిమ ఆస్ట్రేలియా 2020 ఏప్రిల్ నుంచి 2022 మార్చి 3 దాకా, దాదాపు రెండేళ్లు, తక్కిన రాష్ట్రాలవారిపై ఆంక్షలు నడిపింది. అక్కడి ఓటర్లు ఆ ప్రభుత్వాన్ని 2021లో అఖండంగా గెలిపించారు. తల్లిదండ్రుల కడసారి చూపు దక్కనివారు ఏడ్చారు. రెండూ నిజాలే. లోపలివారికి రక్షణ అయినది వెలుపల చిక్కినవారికి శిక్ష అయినది.

మనం కోరవలసినది

ఇవన్నీ చూసిన తరువాత ఒక గుమాస్తాగా నాకు తోచిన మాట: దారి మూసే ఉత్తర్వులో అయిదు అంశాలు ఉండితీరాలి. ఏ చట్టం కింద జారీ అయినది, ఏ తేదీ నుంచి అమలు, ఏ తేదీన ముగింపు లేదా పునఃపరిశీలన, ఎవరికి మినహాయింపు, తిరస్కరిస్తే ఎవరికి అప్పీలు. చిన్న సెలవు మంజూరు ఉత్తర్వులో కూడా మనం ఇవన్నీ రాశాం. కోట్ల మంది కదలికను ఆపే కాగితంలో ఇవి లేకపోతే, చెక్‌పోస్టులో ఎండలో నిలబడ్డ కానిస్టేబులే ప్రభుత్వమవుతాడు. పాపం, అతని చేతిలోనూ ఏ కాగితమూ ఉండదు.

రోగం మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. ఇరు రాష్ట్రాల పింఛనుదారుల సంఘాలు కలిసి ఒక తీర్మానం చేసి, వైద్యానికి, చావుకు సంబంధించిన ప్రయాణాలను ఏ ఆంక్షలోనూ ఆపరాదని, ఇందుకు రెండు ప్రభుత్వాలు ముందుగానే రాతపూర్వకమైన ఏర్పాటు చేసుకోవాలని కోరవలసిందిగా సభ్యులకు మనవి. విభజనకు ముందు ఒకే గెజిట్ చదివి, ఒకే ఖజానా నుంచి జీతం తీసుకున్నవాళ్లం మనం. ఈ మాట అడగడానికి మనకున్న అర్హత మరొకరికి లేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టగలందులకు కార్యవర్గాన్ని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.